మొండికేసిన కప్పు

మొగుడు పట్టీలు పట్టుకుని కిందికి వేలాడుతున్నా వ్యాను కప్పు మూతపడటం లేదు. లోపల పడుకోవడానికి వీలుగా పైకి లేచే కప్పు అది. చలి ఆగాలని ఆయన దానికి లోపలంతా స్పాంజి షీటు అంటించి, గుడ్డ బిగించాడు.

"మడతపెట్టే గొడుగుకి ఎవరైనా పరుపు కుడతారా?" అంది పెళ్ళాం. "గోడకి మేకు కొట్టడం చేతకాదు గానీ, నన్నొదిలేసి ఒంటరిగా దేశాలు పట్టుకు తిరుగుతారట!"

"సన్నది తెమ్మంటే ఇంత మందంది తెచ్చావేమే?"

"షాపువాడు ఇచ్చిందే తెచ్చాను. అంటించేముందు కళ్ళెక్కడ పెట్టుకున్నారు?"

ఆయన చతికిలబడ్డాడు. "ఇక ప్రయాణం మానేస్తాలే."

"అదైనా సరిగ్గా ఏడవండి!"

విసురుగా వంటింట్లోకి వెళ్ళి, ఆయన టీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

"ఇది అంటిస్తే కప్పు మూతపడదమ్మా" అని షాపువాడు నెత్తీ నోరూ కొట్టుకున్నాకే ఆమె ఆ షీటు కొంది.