ఆన్‌లైన్ ఉస్తాద్

"అక్కా, ఆ వైర్లు ముట్టకు! మాడి మసైపోతవ్!"

ఖదీర్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చేసరికి, మల్లమ్మ డాబా మీద కొంగు నడుముకు దోపుకుని వైర్ల చుట్ట విప్పుతోంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన సోలార్ కిట్టు అది. రెండు ప్యానెళ్లను పొద్దున్నే స్టాండుకు బిగించి, ఆమె భర్త సత్తయ్య ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లిపోయాడు. మిగతా పనంతా ఆమెదే.

"నిన్నెవరు పిలిచిన్రు భాయ్?" అంది మల్లమ్మ తలెత్తకుండానే.

ఖదీర్‌కు ఒళ్లు మండింది. ముత్తంగి నుంచి రుద్రారం దాకా సోలార్ పనంటే అతని తర్వాతే ఎవరైనా. అలాంటిది ఈ ఎండాకాలంలో ఏడిళ్ల వాళ్లు ఆన్‌లైన్‌లో కిట్లు తెప్పించుకుని, తమంతట తామే బిగించుకున్నారు. ఒక్కరూ అతన్ని పిలవలేదు. అంతకంటే ఘోరం, ఆ ఏడింట్లో ఒక్కటీ చెడిపోలేదు. ఇలాగే సాగితే దుకాణానికి తాళం వేసి, ఏ ఫ్యాక్టరీ గేటు ముందో హెల్పర్ పనికి నిలబడాల్సిందే. ఆ భయాన్ని పైకి కనపడనివ్వకుండా గడ్డం నిమురుకున్నాడు.

"నీకు ఇడ్లీ పిండి రుబ్బుడు తెలుసు గానీ, కరెంటు పని ఎట్ల తెలుస్తదక్కా?"

"హాస్టళ్లకు పిండి పోస్తున్న. పగలు కరెంటు పోతే గ్రైండర్ ఆగుతది. ఇప్పుడు సూడు, పోయి గంటైంది. రోజూ గిట్లయితే పిండి వేరేటోళ్ల దగ్గర తీసుకుంటమంటున్నరు. అందుకే తెప్పిచ్చుకున్న, బిగిచ్చుడు నేర్చుకున్న. నువ్వు జెర నీడకు కూసో. చాయ్ తాగుతవా?"

"చాయ్ ఎనుక. ఇయ్యాల నీ గ్రైండర్ దీని మీద తిరిగిందనుకో, నేను దుకాణం బంద్ చేస్త. ఖదీర్ మాటంటే మాటే!"

"అయితే తాళం చెవి జేబులనే ఉందా?"

ఖదీర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎక్కడో ఒకచోట తప్పు చేయకపోదు, కాళ్లబేరానికి రాకపోదు అని అతని ధీమా.

మల్లమ్మ రెండు గోనెసంచులు తెచ్చి ప్యానెళ్ల మీద కప్పింది.

ఖదీర్ కళ్లు చిట్లించాడు. "గిదెందుకు?"

"ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ మేలుకొనే ఉంటది. దాని కండ్లు మూయకుండ వైరు ముట్టుకుంటే కరుస్తది."

ఆ మాట ఖదీర్‌ది. ఏ పుస్తకంలోనూ లేదు. అక్షరం పొల్లు పోకుండా అతనిదే. అయినా తమాయించుకుని ఎర వేశాడు.

"మంచిగనే ఉంది. ఇగ జల్దీ ప్యానెల్ వైర్లు ఇన్వర్టర్‌ల పెట్టు."

"నన్ను ఆగం పట్టిద్దామనా? ముందు బ్యాటరీ, ఎనుక ప్యానెల్. సంచి లేకుండ అంగడికి పోతమా?"

ఖదీర్ లేచి నిలబడ్డాడు. "అది నా మాట! నీకెవరు చెప్పిన్రు? జునైద్ గాడేనా?" జునైద్ అతని దగ్గరే పని నేర్చుకుని, నిరుడు సంగారెడ్డిలో సొంత దుకాణం పెట్టుకున్నవాడు.

"ఏ జునైదూ నాకు తెల్వదు. నడుమ నడుమ లొల్లి చేయకు భాయ్, పని పాడైతది." మల్లమ్మ బ్యాటరీ బిగించింది. ప్యానెళ్ల వైర్లు కలిపింది. తర్వాత కొత్త పచ్చ వైరు చుట్ట ఒకటి తీసింది. "ఎర్త్ వైరు డబ్బాల రాదు, మనమే కొనుక్కోవాలె. దానికి పిసినారితనం చేసినోడు పిడుగుకు చుట్టమైతడు."

"అది కూడా నాదే!" అని అరిచాడు ఖదీర్. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆమె తిరిగి చూసింది.

మల్లమ్మ ఆ వైరు కూడా బిగించి, గోనెసంచులు లాగేసింది. ఇన్వర్టర్‌లో పచ్చ లైటు వెలిగింది. మెట్ల గదిలోని గ్రైండర్ స్విచ్ వేసింది. రాళ్లు ఒకసారి మూలిగి, గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. ఆమె నానిన మినప్పప్పు గుప్పెడు గుప్పెడుగా వేసింది.

ఖదీర్ ప్రతి అతుకూ లాగి చూశాడు. ప్రతి నట్టూ తిప్పి చూశాడు. వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఏడుపు వెనక కాస్త గర్వం కూడా కలిగింది, అదే అతనికి మరీ కష్టంగా ఉంది.

"పని పక్కా ఉందక్కా. మాట ఇచ్చిన గదా, దుకాణం బంద్ చేస్త. కానీ నా ఇల్మంతా, నేర్చిన విద్యంతా ఊరికి పంచిపెట్టి, నా నోటికాడి బువ్వ గుంజుకున్న ఆ దొంగ ఎవడో చెప్పు. వాని సంగతి చూసినంకనే ఇంటికి పోత."

"దొంగ అనకు. ఈ చుట్టుపక్కలోళ్లందరికీ ఉస్తాద్. మొహం చూపియ్యరు గానీ మస్తుగ చెప్తరు." మల్లమ్మ పిండి చేయి కడుక్కుని ఫోన్ తీసింది. వీడియో పెట్టింది. తెర మీద స్క్రూడ్రైవర్ పట్టుకున్న రెండు చేతులు, అంతే. "ఆఖరికి ఏం చెప్తరో విను" అని చివరికి జరిపి, సౌండు పెంచింది.

"గీ ముచ్చట్లన్నీ మా ఇంటాయన అన్నం తినుకుంట చెప్పేటియే. ఆన్‌లైన్ కిట్లొచ్చి పాపం ఆయన దుకాణం నడుస్తలేదు, ఈ చానల్ మీదనే మా ఇల్లు గడుస్తున్నది. ఆయనకు మాత్రం చెప్పకుండ్రి, సబ్‌స్క్రైబ్ చేయుండ్రి!"