మూడు చెంచాల చక్కెర

ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో బెరిల్ అద్దె ఇంట్లో ఒక గది ఖాళీగా ఉన్న నేరానికి ప్రభుత్వం ఆమెకిచ్చే భత్యంలో కోత పెట్టింది. ఆ లోటు పూడ్చుకునేందుకు ఆమె గదిని ట్రాంటర్ అనే బస్సు డ్రైవరుకు ఇచ్చింది. రెండేళ్ళయ్యాక, వారిద్దరూ దంపతులేమోనన్న గొప్ప అనుమానం ప్రభుత్వానికి కలిగింది. అదే రుజువైతే, ఒంటరివారికిచ్చే ఆ భత్యం మొత్తం రద్దు.

విచారణకు వచ్చిన అధికారి టూత్‌బ్రష్షులను పరిశీలించాడు. సోఫాలో పడిన గుంటలను తడిమాడు. ఫ్రిజ్‌లో పేర్లు అంటించిన వేర్వేరు అరలను చూసి నిరాశపడ్డాడు.

"ట్రాంటర్ గారి సంగతి నాకేం తెలుసు బాబూ? గదికి అద్దె ఇస్తారు, అంతే," అంది బెరిల్.

"బూట్లతో లోపలికొస్తే తిట్టే ఇంటావిడండీ. నాకూ అంతే తెలుసు," అన్నాడు ట్రాంటర్.

బెరిల్ టీ పెట్టింది. పాలెంత, చక్కెరెంత అని అధికారిని మర్యాదగా అడిగింది. అంచు విరిగిన నీలం కప్పులో మాత్రం ఒక్క మాటైనా అడక్కుండా టీ కలిపి ట్రాంటర్ చేతికిచ్చింది.

"ఆయన్ని అడగలేదేమండీ?" అన్నాడు అధికారి.

"అడిగేదేముంది, మూడు చెంచాలు..." ఆమె అక్కడే ఆగిపోయింది. అధికారి తొలిసారిగా చిరునవ్వు నవ్వాడు.

వారానికి ఉత్తరం వచ్చింది. వారు దంపతులుగా జీవిస్తున్నారని నిర్ధారణ అయినందున భత్యం రద్దయింది.

ట్రాంటర్ దానిని రెండుసార్లు చదివి టోపీ తీశాడు. "రెండేళ్ళుగా అడుగుదామనే అనుకుంటున్నానండీ, ధైర్యం చాలలేదు. వీళ్ళేమో ముద్ర వేసి మరీ పంపారు."

బెరిల్ ఫ్రిజ్ తెరిచి, అరమీది అతని పేరును గోటితో గీకేసింది.

"ముందా బూట్లు విప్పవయ్యా," అంది.