గోపన్న హోటల్లో ఏదీ పారెయ్యరు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో డోన్ జంక్షన్ ఎప్పుడు చూసినా జనమే. స్టేషనుకు ఎదురుగా గోపన్న భోజన హోటలు. అంత హోటలు వెనక చెత్తకుప్ప అన్నదే లేదంటే నమ్మండి. తిన్న విస్తళ్లు ఎరువుగుంతకు పోయేవి. మిగిలిన అన్నం బర్రెలకు, గంజి బట్టలకు. రైలింజన్లు రాల్చిన సగం కాలిన బొగ్గు ఏరించి పొయ్యిలో వేయించేవాడు గోపన్న. ఆ బూడిదతోనే మళ్లీ అంట్లు.

"మా దగ్గర ఏదీ దండగ పోదప్పా!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకొని మురిసిపోయేవాడు.

ఆ అంట్ల ముందు కూర్చునేది ఆయన భార్య నాగలక్ష్మి. కిటికీ లేని వంటగది. కళ్లు మండే పొగ. గోడకు అవతలే రైలు కూసేది. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ రైలెక్కి పుట్టింటికి పోయింది లేదు.

"నాగలక్ష్మీ!" అని పిలిస్తే ఒకంతట పలికేది కాదు.

"చెవుడేమే నీకు?" అని గోపన్న కసిరితే ఉలిక్కిపడి లేచేది.

కొత్త చీర అడిగితే, "పెట్టె నిండా ఉండాయి కదా! అవి చినిగినాక చూద్దాంలే" అనేవాడు. పెట్టెలోని రవికలు వదులైతే, కుట్లు వేసుకొని తొడుక్కునేది.

ఆ ఇంట్లో తనదంటూ ఉన్నది ఒక్కటే. వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు. బియ్యపు గోనె వెనక దాచుకునేది. పని తెమిలాక ఒళ్లో పెట్టుకొని దాన్ని వేలితో మెల్లగా తడుముకునేది.

ఒకనాడు గిన్నెల మీద పేర్లు చెక్కే పెద్ద ఈరన్న వచ్చాడు. గోపన్న కొత్త గిన్నెలు తెచ్చి అతని ముందర పోశాడు. గోనె జరపబోతే చెంబు కంటపడింది.

"ఇంత మంచిది ఊరికే పడుండాదే! తినేటోళ్లకు నీళ్లు పెట్టేదానికి పనికొస్తాది. ఈరన్నా, దీనిమీదా కొట్టప్పా పేరు."

నాగలక్ష్మి పరుగున వచ్చి చెంబును రెండు చేతులా పట్టుకుంది.

"నీకు దండం పెడతా, ఇది వద్దయ్యా. మాయమ్మ ఇచ్చింది. దీన్నొక్కదాన్ని వదిలిపెట్టు."

"నేనేమన్నా అమ్ముకుంటాండానా? నీ పేరే కదా కొట్టిస్తాండేది!"

"మంచిదే కదమ్మా," ఈరన్న నవ్వాడు. "పేరుంటే యాడికి పోయినా నీ కాడికే వస్తాది."

గోడవారన బోర్లించిన పాత గిన్నెలన్నిటి మీదా 'నాగలక్ష్మి' అనే ఉంది. వెనక పొయ్యి. వాకిట్లో గోపన్న. ఆయన ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి చెంబు లాక్కున్నాడు.

ఈరన్న ముందుగా, ఆమె తల్లి చెక్కించి ఇచ్చిన 'గురమ్మ' అనే కూతురి పేరును ఆకురాయితో నున్నగా అరగదీసి, అదే చోట, గోపన్న మొదటి భార్యగా ఉండి చనిపోయినామె పేరు చెక్కాడు: నాగలక్ష్మి.