మధ్యలో ఎవరూ ముట్టలేదు

“వేడెక్కితే చాలు బేటీ. గరిటె కూడా పెట్టకు.”

కొరమీను పులుసు దబరాను సన్నసెగ మీద ఉంచి, కోడలికి అప్పజెప్పి, కుల్సుం బస్టాండుకు బయల్దేరింది. కూతురు షహనాజ్‌కి కాబోయే అత్తగారు చల్లపల్లి నుంచి దిగుతోంది. పిల్ల ఎప్పుడో నచ్చేసింది. ఇప్పుడు రావడం పులుసు కోసం.

కుల్సుం పులుసంటే చుట్టాల్లో అంత పేరు. తెల్లారేలోపు ఒక్కతే కానిచ్చేస్తుంది. కోడలు ఆఫ్రీన్ లేచేసరికి వంటింట్లో ఒక్క పొలుసు కనపడదు. అంత శుభ్రం!

ఆఫ్రీన్ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. హాల్లో లాప్‌టాప్ తెరిచింది. ఆమె రాసిన కోడ్‌ను సహోద్యోగి హర్షవర్ధన్ ఫోన్లో రివ్యూ చేస్తున్నాడు. కంపేర్ అండ్ స్వాప్. పని చిన్నదే. మెమరీలో ఒక విలువను చూసుకోవాలి. మార్చబోయే క్షణంలో కూడా అదే ఉంటే, ఒక్క దెబ్బలో కొత్తది పెట్టేయాలి. లేదంటే మళ్లీ మొదటికి.

“అదే విలువ ఉంటే, మధ్యలో ఎవరూ ముట్టనట్టేనా అండీ?” అడిగాడు హర్షవర్ధన్.

“అంతేగా!”

“ఎవరో తీసి, వాడేసి, మళ్లీ అలాంటిదే పెట్టేస్తే?”

“అంత పనిలేనివాళ్లు ఎవరుంటారండీ?”

“ఉంటారండీ. వెర్షన్ నంబరు పెట్టండి. ముట్టిన ప్రతిసారీ పెరగాలి.”

ఆఫ్రీన్ అరగంట వాదించింది. సరిగ్గా గెలవబోతుండగా మాడు వాసన వచ్చింది.

పులుసు లేదు. బొగ్గు ఉంది. అత్తగారి ఫోనూ వచ్చింది. “ఆటో ఎక్కాం బేటీ!”

పావుగంట టైము. పీచుతో దబరా తోమి, చున్నీ కింద దాచుకుని సందు చివరకు పరుగెత్తింది. ఆ చుట్టుపక్కల కొరమీను పులుసు దొరికేది వీరమ్మ కర్రీ పాయింటులోనే. వీరమ్మ దబరాను చూసింది. ఆఫ్రీన్‌ను చూసింది. ఏదో అనబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొలవకుండానే, అంచుకు సరిగ్గా రెండు వేళ్ల కిందికి నింపేసింది.

వస్తూ వస్తూ హర్షవర్ధన్‌కి మెసేజ్ కొట్టింది: ‘మీరే కరెక్టండీ. నంబరు పెడుతున్నా.’

చల్లపల్లి ఆవిడ మూడోసారి వడ్డించుకుంది. “ఈ చేతికి బంగారు కడియం తొడగాలి వదినగారూ!”

అప్పుడు గాని ఆఫ్రీన్‌కు ఊపిరాడలేదు.

కుల్సుం మాత్రం పళ్లెంలో ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. చేయి కడుక్కునే వంకతో కోడల్ని వంటింట్లోకి లాగి, చెవిలో అంది:

“అన్నీ తోకముక్కలే అంటగట్టింది కదే నీకు, పదేళ్ల నుంచీ నేను వెళ్తే నడుం ముక్కలు తప్ప వేయదు వీరమ్మ!”