చివరి స్టడ్ బల్ల

"అవి కళ్ళా పెద్దాయనా, గోళీకాయలా?"

కార్మైన్ అరుపుకి పక్క బల్లలవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

ఎమిల్ తన పేకముక్కలన్నీ బోర్లించి, పంచే లొరెయిన్ వైపు తోశాడు.

"పందెం నీదే బాబూ, తీసుకో."

"తీసుకోక నీకు వదిలేస్తానా? నీ ముందు రెండు జాకీలు. మూడోది మోర్ట్ పడేశాడు. నాలుగోది ఇదిగో, నా ముందే పడి ఉంది. ఇంకా ఏ జాకీ కోసం చివరిదాకా కూర్చున్నావు? మీ తాత పంపిస్తాడనా?"

మోర్ట్, మిగతా ఇద్దరూ కిసుక్కుమన్నారు.

అట్లాంటిక్ సిటీలోని ఆ కాసినోలో మిగిలిన ఒకే ఒక్క స్టడ్ పోకర్ బల్ల అది. ఒకప్పుడు అలాంటివి ఇరవై ఉండేవి. పేరు రాయించుకుని గంటలకొద్దీ నిలబడితే గాని కుర్చీ దొరికేది కాదు.

మనిషికి ఏడు ముక్కలు. మూడు దాచుకోవాలి, నాలుగు అందరికీ కనబడాలి. ఎవరు ఏ ముక్క పడేశారో కడదాకా గుర్తుంచుకోవాలి.

తర్వాత టీవీలో హోల్డెమ్ అనే ఇంకో రకం పోకర్ వచ్చింది. చేతిలో రెండే ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు. గుర్తుంచుకునే బాధ లేదు. నల్ల కళ్ళద్దాలు, టోపీలు పెట్టుకున్న కాలేజీ కుర్రాళ్ళు బిలబిలమంటూ వచ్చి పడ్డారు.

"కోతికి నేర్పినా ఆడుతుంది," అనేవాడు కార్మైన్.

ఆ కోతి ఆట తను రెండుసార్లు ఆడి, రెండుసార్లూ జేబు దులుపుకుని బయటపడ్డ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళుగా అతని తిండీ అద్దే స్టడ్ మీదే నడుస్తున్నాయి. వేరే పని రాదు. నోరు మాత్రం బాగా వచ్చు.

నేర్చుకుందామని సరదాగా వచ్చి కూర్చున్నవాళ్ళని ఆ నోటితోనే తరిమేవాడు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన నర్సమ్మ ఒకావిడ పొరపాటున తన వంతు కాకుండానే పందెం కాసింది.

"చర్చిలో బింగో ఆడిస్తారు, అక్కడికి వెళ్ళమ్మా," అన్నాడు. ఆవిడ మళ్ళీ రాలేదు.

చివరికి మిగిలింది ఐదుగురు. ఆ ఐదో మనిషే ఎమిల్.

"ఐదుగురిలో ఒక్కరు తగ్గినా బల్ల ఎత్తేస్తాను. పైవాళ్ళ మాట," అని గది మేనేజరు ముందే చెప్పాడు.

పదమూడు నెలల కిందట ఎమిల్ బస్సు దిగి వచ్చాడు. మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు, జేబులో కాగితం చుట్టిన గుడ్డు రొట్టె. ఎవరు, ఎక్కడివాడు అని ఎవరూ అడగలేదు. ప్రతి ఆటా చివరిదాకా ఆడేవాడు. ఆఖరి పందెం కూడా కట్టి, ఎదుటివాడి ముక్కలు చూసి, తనవి బోర్లించి తోసేసేవాడు. ఓడినవాడు ముక్కలు చూపించనక్కర్లేదు. చూపించమని అడిగినవాడూ లేడు.

"స్టడ్ ఎందుకు చచ్చిందో తెలుసా?" కార్మైన్ ఇంకా వదల్లేదు. "నీలాంటి మొద్దులు చేరబట్టి!"

"కార్మైన్, నోరు తగ్గించు," అంది లొరెయిన్.

"నువ్వు ముక్కలు పంచు, నీతులు పంచకు."

ఎమిల్ మెల్లగా లేచాడు. కుర్చీ బల్లకిందకి సర్దాడు.

"నావల్ల మీకు ఇబ్బందైతే రాను లెండి."

అతను తలుపు దాటాక మోర్ట్ గొణిగాడు. "ఐదో మనిషిరా కార్మైన్."

"రేపు పొద్దున్నే ఉంటాడు చూడు. ఈగ బెల్లాన్ని వదుల్తుందా?"

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మేనేజరు వారం గడువిచ్చాడు. ఆ వారమంతా కార్మైన్ నోట్లోంచి తేనె కారింది. దారినపోయే కుర్రాళ్ళని పిలిచాడు.

"రండి తమ్ముళ్ళూ, అసలైన పోకర్ నేర్పిస్తాను."

"అది మా తాత ఆడేవాడు అంకుల్," అన్నాడొకడు. తక్కినవాళ్ళు పగలబడి నవ్వుతూ పోయారు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం స్టడ్ అని రాసిన పలక దింపేశారు. మోర్ట్‌వాళ్ళు తలో దారీ పట్టారు. లొరెయిన్ ముక్కలు పెట్టెలో సర్దుతోంది. కార్మైన్ మాత్రం కుర్చీ వదల్లేదు. రేపటి నుంచి ఎక్కడికి పోవాలో తెలియదు. పైకి మాత్రం కోపమే.

"ఆ ముసలాడే ముంచాడు. ఆట రాదు సరే, కాస్త మాట కూడా పడలేడా?"

లొరెయిన్ చేతులు ఆగాయి.

"పంచేవాళ్ళు ఎవరి ముక్కలూ బయటపెట్టకూడదు. బల్ల ఉన్నన్నాళ్ళూ నోరు విప్పలేదు. ఇప్పుడు బల్లే లేదు కదా."

"ఏంటి నువ్వనేది?"

"ఆయన చేతులు వణికేవి. తోసేటప్పుడు ముక్కల అంచులు లేచేవి. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనబడేవి. నువ్వు తిట్టిన ఆ ఆటలో ఆయన దాచిన మూడూ రాణులే. పైన జాకీల జత ఉండనే ఉంది. నీ దగ్గరున్నది దాని ముందు నిలవని ఉత్త రెండు జతలు."

కార్మైన్ ఎమిల్ ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు.

"ఆ ఒక్కరోజే కాదు. పదమూడు నెలలుగా అదే వరస. గెలవడం, బోర్లించి మీకు వదిలేయడం."

"ఎందుకు?" పీలగా అడిగాడు.

"నేనూ ఒకసారి అదే అడిగాను. 'వీళ్ళకి వేరే ఆట రాదు తల్లీ, ఇది కూడా అంతంత మాత్రమే. నేనొక్కణ్ణి లేస్తే బల్ల ఎత్తేస్తారు, ఏమైపోతారు పాపం' అన్నాడు."