సగం దొరికిన ఆత్మకథ

"సగం వచ్చేసిందమ్మా," అన్నాడు డిస్కు డాక్టరు ఫోన్లో. అన్నాక నాలుక కరుచుకున్నాడు. సగం కాదు కదా, సగం అక్షరం కూడా రాలేదు.

"ఉండు బాబూ, స్పీకర్లో పెడతాను. అందరూ భోజనాల దగ్గరే ఉన్నారు. ఆ మాటే మళ్లీ గట్టిగా చెప్పు," అంది అవతల నుంచి ఆపరేటరమ్మ.

గట్టిగా చెప్పాడు. ఎవరి చేతిలోనుంచో చెంచా జారి కిందపడిన చప్పుడైంది.

డిస్కు డాక్టరన్నది ఆ వీధి అతనికి పెట్టిన పేరు. షాపు ముందు బోర్డు మాత్రం అతను పెట్టుకున్నదే. 'పోయిన ఫైలు ఏదైనా తెస్తాం. తేలేకపోతే ఈ బోర్డు పీకేస్తాం.' పదకొండేళ్లుగా ఆ బోర్డు కదల్లేదు. ఎదురు షాపులో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు మాత్రం అదెప్పుడు ఊడుతుందా అని నిచ్చెన సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. అవసరమైతే ఊరికే ఇస్తానని కబురు కూడా పెట్టాడు.

ఆ ఫోనుకి ముందురోజు ఆపరేటరమ్మ ఆ బోర్డుని రెండుసార్లు చదివి మరీ లోపలికొచ్చింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. సంచిలోంచి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీది పల్చటి ప్లాస్టిక్ పొర కూడా పీకలేదు. టీవీ రిమోటుని కవర్లోంచి తియ్యకుండానే కాలం వెళ్లదీసిన తరం కదా అనుకున్నాడు డాక్టరు.

ముప్ఫై ఆరేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశానని చెప్పింది. ఊళ్లోవాళ్ల ఫోన్లూ, ఇంట్లోవాళ్ల ఫోన్లూ తన చేతుల మీదుగానే కలిసేవట. రెండేళ్లుగా గది తలుపేసుకుని ఆత్మకథ రాస్తున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసట. మొన్న చూస్తే డిస్కు ఖాళీ. ఫైలు పేరేమిటని అడిగితే, ఇంకా ఏ పేరూ ఖాయం చెయ్యలేదంది.

"తెస్తావా?"

"బోర్డు చదివారుగా."

చదివింది కాబట్టే చిక్కొచ్చి పడింది. డిస్కుకి జబ్బేమీ లేదు. ఎంత చెరిపినా ఎక్కడో ఓ ముక్క మిగులుతుంది. ఇది కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. చివరిదాకా సున్నాలే. ఎవరో పనిగట్టుకుని తుడిచారు, అదీ ఇంటిదొంగే అయ్యుంటాడని డాక్టరు తేల్చేశాడు. ఆవిడ ఫోన్ చేసేసరికి నిజం చెప్పడానికి నోరు రాక, 'సగం' అనేశాడు.

మర్నాడు షాపు తెరవకముందే గుమ్మం దగ్గర ఆవిడ తమ్ముడు నిలబడి ఉన్నాడు. దొరికిన సగంలో కప్పు గురించి ఉందా అని అడిగాడు. డాక్టరు బదులు చెప్పేలోపే ఆయనే బయటపడిపోయాడు. వాళ్లింటి అద్దాల బీరువాలో నలభై ఏళ్లుగా మెరుస్తున్న పరుగుపందెం కప్పు ఆయన గెలిచింది కాదు. పొరుగూరి దుకాణానికి ఫోన్ చేసి, పేరు చెక్కించి మరీ తెప్పించుకున్నది. ఆ ఫోన్ అక్కే కలిపిందని ఆయన అనుమానం.

"మనవళ్లకి మొహం ఎలా చూపించను నాయనా? ఆ ఒక్క పేజీ దొరకలేదని చెప్పెయ్," అన్నాడు.

మధ్యాహ్నం అల్లుడొచ్చాడు. భార్య పురిటి నొప్పులు పడుతుంటే ఆఫీసు మీటింగులో ఇరుక్కుపోయానని ముప్ఫై ఏళ్లుగా చెప్పుకుంటున్నాడు. నిజానికి ఆ రోజు ఉన్నది స్టేడియంలో. అక్కడినుంచే ఫోన్ చేశాడు. వెనకాల జనం ఈలలు అత్తగారు వినే ఉంటుందని అతని బెంగ.

"మ్యాచ్ కూడా ఓడిపోయారు బ్రదర్," అన్నాడు వెళ్తూ, అదేదో శిక్ష తగ్గించే విషయమైనట్టు.

గురువారం ఆడపడుచు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"చూడబ్బాయ్. వదినతో పెళ్లికి ముందు గొంతు మార్చి మా అన్నయ్యకి ఫోన్ చేసింది నేనే. పిల్లకి మెల్లకన్నని చెప్పాను. వదినకి ఆ సంగతి తెలుసని నాకు తెలుసు. యాభై ఏళ్లు తెలిసీ నోరెత్తలేదు. ఇప్పుడు రాసేసింది. అది నా కొడుకులు చదవకూడదు."

ముగ్గురికీ డాక్టరు ఒకే మాట చెప్పి పంపాడు, చూస్తానని. చూడ్డానికేముంది, సున్నాలు తప్ప.

శుక్రవారం ఆపరేటరమ్మ వచ్చింది. డాక్టరు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, సగం వచ్చిందన్నది అబద్ధం. ఏమీ రాలేదు. మీ ఇంట్లోవాళ్లెవరో కావాలని తుడిచేశారు. బోర్డు పీకేస్తాను. ఎదురు షాపులో నిచ్చెన కూడా ఉంది."

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. "బోర్డు సంగతి తర్వాత. ఈ నాలుగు రోజుల్లో మా వాళ్లెవరైనా వచ్చారా?"

అసలే అబద్ధం చెప్పిన తప్పు డాక్టరు మీద ఉంది. తన వాళ్లు ఏం తుడవాలనుకున్నారో తెలుసుకునే హక్కు ఆవిడకి లేదా అనిపించింది. మొత్తం చెప్పేశాడు.

ఆవిడ సంచిలోంచి కొత్త నోటుపుస్తకం తీసి రాసుకుంది. కప్పు దగ్గర భుజాలు కదిలేలా నవ్వింది. స్టేడియం దగ్గర, "ఆ కాల్ కలిపింది నేనా?" అంది. ఆడపడుచు సంగతి వచ్చేసరికి కలం ఆగింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ వాక్యం కింద రెండు గీతలు గీసింది.

"బోర్డు జోలికి వెళ్లకు. నువ్వు తెచ్చావు," అంది లేస్తూ. డిస్కు చేతిలోకి తీసుకుని, దాని మీది ప్లాస్టిక్ పొర సర్రున పీకి చెత్తబుట్టలో పడేసింది.

ఆవిడ తనని ఓదార్చడానికే అలా అంటోందనుకున్నాడు డాక్టరు. "ఈ వయసులో అదంతా మళ్లీ రాయాలంటే కష్టమేనమ్మా," అన్నాడు.

"మళ్లీ ఏమిటి బాబూ, నేనింకా మొదలే పెట్టలేదు."