చెన్నప్ప చేతిలో వెలుగు

హలో... హలో, వినబడుతోందా? రాయచూరు నుంచి మాట్లాడుతున్నానండి. అందరూ బాగున్నారా? చేతిలో పనుంటే కానివ్వండి, చెవి మాత్రం ఇటు పెట్టండి. ఇక్కడికి దగ్గర్లోని చిక్కసూగూరు ఊరి చెన్నప్ప సంగతి చెప్తాను.

"దించు! ముందు ఆ బల్బు దించు!"

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చిన చెన్నప్ప గడపలోనే నిలబడి అరిచాడు. నడింట్లో ఎప్పుడూ పచ్చగా వెలిగే పాత గుండు బల్బు లేదు. దాని జాగాలో పాలు పోసినట్టు తెల్లటి వెలుగు. భార్య సౌభాగ్య అప్పుడే స్టూలు దిగి చేతులు దులుపుకుంటోంది.

"ఏమైందయ్యా? వెలుతురు ఎక్కువైందా?"

"వెలుతురు గాదే, కరెంటు! గిది సగం గూడ తాగదు. ఊరంత గివే పెట్టుకుంటే మా కరెంటు ఎవనికి గావాలె? ప్లాంటు బందైతది. ముందు ఎల్లగొట్టేది మా కాంట్రాక్టోళ్లనే. అప్పుడేం తింటవ్, ఈ బల్బు తింటవా?"

చెన్నప్ప పని థర్మల్ ప్లాంటు బొగ్గు యార్డులో. మనుషుల్ని తగ్గిస్తారని అక్కడ ఈమధ్య ఒకటే గుసగుస. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

"మనింటి ఒక్క బల్బు మీదనే నిలబడ్డదా మీ ప్లాంటంత?" నవ్వింది సౌభాగ్య.

"ఇయ్యాల మనింట్ల, రేపు ఉలిగెమ్మవ్వ ఇంట్ల. గట్లనే పాకుతది. నా ఇంట్లకెల్లి మాత్రం పాకొద్దు!"

స్విచ్ ఆర్పి స్టూలెక్కాడు. పాత బల్బులు చెయ్యి కాలుస్తాయి కదా, ఆ అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు చుట్టి బల్బు ఊడదీశాడు. కిందికి దిగి, తువ్వాలు తీసేసి, బల్బు మొదలును గుప్పిట పట్టుకున్నాడు.

అంతే. బల్బు వెలిగింది!

వైరు లేదు. స్విచ్ లేదు. హోల్డరు పైన బోసిగా వేలాడుతోంది. బల్బు మాత్రం అతని పిడికిట్లో నిండుగా వెలుగుతోంది. ఆ వెలుగులో అతని గోళ్ల సందుల్లోని బొగ్గు మసి కూడా కనబడుతోంది.

ఇన్నేళ్లలో చెన్నప్ప బొగ్గు చూశాడు, బూడిద చూశాడు, ఆకాశానికెక్కే పొగ చూశాడు. కరెంటును మాత్రం ఎన్నడూ చూడలేదు. అది ఎక్కడో గోడల వెనక పుట్టి, తీగలు పట్టుకుని ఎవరెవరి ఊళ్లకో వెళ్లిపోయేది. అలాంటిది ఇప్పుడు తన అరచేతిలో కూర్చుంది. కాల్చడం లేదు, కొట్టడం లేదు. కోడిపిల్లను పట్టుకున్నట్టు గోరువెచ్చగా ఉంది.

"సౌభాగ్యా... నన్ను ముట్టకు," అన్నాడు. "నా ఒంట్ల కరెంటున్నది."

చెయ్యి అలాగే ముందుకు చాచి వాకిట్లోకి నడిచాడు. పొద్దు గూకింది. పక్కింటి ఉలిగెమ్మవ్వ చాట కింద పెట్టి లేచింది.

"యవ్వో! చెన్నప్ప చేతుల దీపం జూడుండ్రి!"

సందంతా వచ్చింది.

"వైరేదిరా? అరె, వైరే లేదు గదా!"

"ఇన్నేండ్లు ఆ ప్లాంట్ల పన్జేసె, కరెంటు ఒళ్లంత నిండింది పాపం," అన్నాడు కిరాణా కొట్టు మారెప్ప, వెనక్కి జరుగుతూ. "దూరముండుండ్రి, గుంజుతది!"

ఉలిగెమ్మవ్వ రెండు చేతులూ జోడించింది. "మా మూలగది చీకటుంటది బిడ్డా. జర వచ్చి నిలబడి పో."

ఎవరూ నవ్వలేదు. చెన్నప్ప చెయ్యి దించలేదు. తన చేతిని తానే కొత్తగా చూసుకుంటున్నాడు. ఊరూరా వెలిగేదంతా ఈ చేతుల మీదుగా పోయిందే కదా అని మొట్టమొదటిసారి తోచింది. గుండె ఉప్పొంగింది.

సౌభాగ్య వచ్చి ఆ బల్బు చటుక్కున లాక్కుంది. ఆరిపోయింది. ఆమె గుప్పిట బిగించింది. మళ్లీ వెలిగింది!

"నేను ఏ ప్లాంట్ల పన్జేసిన్నో చెప్పుండ్రి," అంది. తీసుకెళ్లి ఉలిగెమ్మవ్వ చేతిలో పెట్టింది. అక్కడా వెలిగింది. అవ్వ ముఖంలో ముడత ముడతా తెల్లగా మెరిసింది. అవ్వ చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది.

"లోపల సన్న బ్యాటరీ ఉన్నది. కరెంటున్నప్పుడు ఇంత తాగి దాచుకుంటది, పోయినప్పుడు ఇస్తది. మన చెయ్యి తగిలితే గూడ వెలుగుతది, గంతే."

చెన్నప్ప బల్బు తీసుకుని మళ్లీ పైకెత్తి చూశాడు. "మరి లోపల దాసుకున్న కరెంటు యాడిది?"

"నువ్వు మోసిన బొగ్గుదే. ఇంకెవనిది?"

ఆ మాటకు అతని కళ్లు చెమర్చాయి. అంతలోనే సందులో అరుపులు మొదలయ్యాయి.

"మాకొకటి గావాలె!"

"మాకు గూడ! యాడ దొరుకుతయి? నీ కొట్ల ఉన్నయా మారెప్పా?"

"నా కొట్ల లెవ్వే!"

చెన్నప్పకు మళ్లీ పాత భయం పట్టుకుంది. అయిపోయింది. తన ఇంట్లోంచే, తన చేతుల్లోంచే పాకింది. ఇక పని ఉన్నట్టా, ఊడినట్టా?

సౌభాగ్య గబగబా లోపలికెళ్లి మంచం కింది నుంచి పెద్ద అట్టపెట్టె ఒకటి గడప దాకా ఈడ్చుకొచ్చింది. నిండా బల్బులు!

"నువ్వు ముద్ద మింగకుండ పండుకుంటుంటే చూడలేక, మా ఆడోళ్ల పొదుపు సంఘంల అడిగి ఈ బల్బులమ్మే పని నేనే పట్టుకున్న. ఎట్ల అమ్మాలెనో అని పరేశాన్ అవుతుంటి... ఓ అయ్యా, ఆ చెయ్యి దించకు! పెట్టె ఖాళీ అయ్యేదాక గట్లనే నిలబడు!"

ఉంటానండి మరి. ఈ కథ మీ దగ్గరే ఉంచుకోకండి, మీవాళ్లందరికీ పంపించండి.